మన కొండలు – దొరల కుంచెలు

ఉగాది సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాయవలసినదని సంఘ కార్యదర్శిగారు చెప్పినప్పుడు మేము కొంచెము జంకినాము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తా పనికి కుదిరి, టిక్కెట్ల లెక్కలు, పార్సిళ్ళ రశీదులు తప్ప మరొకటి వ్రాసి ఎరుగము. అయినను ఒక సంగతి నిరుటినుండి మమ్ములను వదలక పట్టుకొని యున్నది. దానినే పాఠక మహాశయుల ముందు పెట్టుచున్నాము.

నిరుడు పండుగకు సంఘపు గదికి సున్నము వేయించినప్పుడు, బోసిగానున్న గోడకు ఒక పటము కట్టిన బాగుండునని అందరికీ తోచినది. మా మిత్రులొకరు ఒక పాత ఇంగ్లీషు చిత్రమునకు నకలు తీయించి తెచ్చినారు. ఒక కొండ, దానిమీద కోట. క్రింద ఇంగ్లీషు అక్షరాలలో "ర్యాకోట్టా, ఇన్ ది బర్రామాల్" అని యున్నది. ఎవరికీ వెంటనే అంతు చిక్కలేదు. చివరకు తలపండిన ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకొని, "ఓరి నాయనా, ఇది మన రాయకోట కదరా!" అన్నారు. అందరమూ సంతోషించినాము. ఆ సంతోషము పది నిమిషములు కూడ నిలువలేదు. మరొక పెద్దాయన, "ఈ నేలను గెలుచుకున్న దొరలు, గెలిచిన నెలలోనే గీసుకొన్న బొమ్మ ఇది. ఉగాదినాడు మన గోడమీద దీనికేమి పని?" అని అడిగినారు. మాటకు మాట పెరిగినది. పటము బీరువా వెనుకకు పోయినది. గోడకు వినాయకుని క్యాలెండరు వచ్చినది.

ఆ ప్రశ్న మాత్రము బీరువా వెనుకకు పోలేదు. అది అడిగినవారు తప్పుగా అడుగలేదని మాకు తెలియును. జవాబు వెదకుటకు ఈ యేడాది తీరిక దొరికినప్పుడల్లా చదివినాము, తిరిగినాము.

ముందుగా ఆ పెద్దాయన చెప్పిన లెక్క ఇంచుమించు నిజమే. టిప్పు సుల్తానుకు, ఇంగ్లీషు కంపెనీకి జరిగిన మూడవ మైసూరు యుద్ధము 1792 మార్చి నెలలో శ్రీరంగపట్నము సంధితో ముగిసినది. టిప్పు తన రాజ్యములో సగము వదలుకొని, మూడు కోట్ల ముప్పది లక్షల రూపాయలు ఇచ్చుటకు ఒప్పుకొని, ఇద్దరు కొడుకులను జామీనుగా పంపినాడు. కంపెనీ వంతుకు వచ్చిన సీమలలో మన బారామహల్ ఒకటి. ఇప్పటి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో చాలా భాగము, తిరుపత్తూరు, వాణియంబాడి ప్రాంతము అందులోనివే. బారా అనగా పన్నెండు. పన్నెండు కోటల సీమ అని పెద్దలు అర్థము చెప్పుదురు. రాయకోటను అంతకు ముందు సంవత్సరము, అనగా 1791 జూలైలో, కంపెనీ సేన పట్టుకొన్నది. అదే సంవత్సరము నవంబరులో కృష్ణగిరి కోటమీదికి పోయిన కంపెనీ సేన దిగువ కోటను తీసుకొన్నది గాని, పై కోటనుండి దెబ్బతిని వెనుకకు మరలినది. మన కృష్ణగిరి కొండను ఒక్కసారి క్రిందినుండి తలయెత్తి చూచిన వారికి ఇది ఆశ్చర్యము కాదు.

సంధి జరిగిన కొద్ది దినములకే, మార్చి 29వ తేదీన, కలకత్తానుండి ఓడలో ఇద్దరు చిత్రకారులు చెన్నపట్నములో దిగినారు. పినతండ్రి థామస్ డేనియల్, అన్న కొడుకు విలియం డేనియల్. ఏప్రిల్ 9న చెన్నపట్నము వదలి మైసూరు దారి పట్టినారు. ఎండాకాలము నడినెత్తిన పడు వేళ, యుద్ధపు బూడిద ఇంకా చల్లారని దేశములోనికి, బొమ్మలు గీయుటకు!

వీరెవరో కొంచెము చెప్పవలెను. థామస్ 1749లో ఇంగ్లండులోని చెర్ట్సీ అను ఊరిలో పుట్టినాడు. తండ్రి ఒక సత్రము నడుపుచుండెడివాడు. థామస్ మొదట నేర్చినది గుర్రపు బండ్లకు రంగులు, చిహ్నములు వేయు పని. మన లారీల వెనుక పూలు, నెమళ్ళు వేయువారి పనివంటిదని అనుకొనవచ్చును. అట్టి పనినుండి పైకి వచ్చినవాడని తెలిసిన తరువాత మాకు ఆయనమీద కొంత అభిమానము కలిగినదని ఒప్పుకొనుచున్నాము. అన్న కొడుకు విలియం 1769లో పుట్టినాడు. 1785లో ఇద్దరూ ఓడ ఎక్కి, చైనా మీదుగా మరుసటి సంవత్సరము కలకత్తా చేరినారు. అప్పటికి విలియమునకు పదునారు పదునేడేండ్లు. కలకత్తా వీధులను పన్నెండు చిత్రములుగా అచ్చువేసి, అమ్మకము చేసి, ఆ డబ్బుతో ఉత్తర దేశము తిరిగి హిమాలయములలో గఢ్వాల్ శ్రీనగరము దాకా పోయినారు. తిరిగి వచ్చి తాము గీసిన చిత్రములను కలకత్తాలో లాటరీ వేసి, ఆ వచ్చిన సొమ్ముతో దక్షిణ దేశయాత్రకు బయలుదేరినారు. కనుక వీరు కంపెనీ జీతగాండ్రు కారు. కంపెనీ అనుమతితో వచ్చి, బొమ్మ అమ్మినగాని పూటగడవని పనివారు. అయితే వారి బొమ్మ కొనెడివారు మాత్రము కంపెనీ దొరలే. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పుకొనవలెను.

వీరికి ముందు విలియం హాడ్జెస్ అనునాయన వచ్చినాడు. ఇంగ్లండునుండి భారత దేశమునకు వచ్చిన ప్రకృతి చిత్రకారులలో పేరుబడ్డవారిలో మొదటివాడు ఈయనే. అంతకు ముందు కుక్ దొర ఓడలో దక్షిణ సముద్రములు చుట్టివచ్చినవాడు. 1780లో చెన్నపట్నములో దిగినాడు గాని, అప్పుడు హైదరాలీ గుర్రపు దండు పట్నము చుట్టుప్రక్కలంతా వీరవిహారము చేయుచుండెను. పాపము, ప్రపంచము చుట్టివచ్చినవానికి చెన్నపట్నపు పొలిమేర దాటుటకు వీలు కాలేదు! ఉత్తర దేశమునకు వెళ్ళిపోయి అక్కడి చిత్రములను అచ్చువేసినాడు. హైదరు బ్రతికియున్నంత కాలము దొరల కుంచె మన కొండల దరికి రాలేదన్నమాట. కొండలమీదికి ఫిరంగి ముందు వచ్చినది. వెనుకనే కుంచె వచ్చినది.

అసలు ఆ యుద్ధములోనే కుంచె పట్టినవారు చాలమంది కలరు. రాబర్ట్ హోమ్ అను చిత్రకారుడు కారన్‌వాలిస్ దొర సేనవెంట నడచి, 1794లో మైసూరు దృశ్యములని ఒక పుస్తకము వేసినాడు. టిప్పు కొడుకులను కారన్‌వాలిస్ చేతిలో పెట్టు ఘట్టమును గీసినది కూడ ఈయనే. అలెగ్జాండర్ అల్లన్, రాబర్ట్ కోల్‌బ్రూక్ అనువారు సైనికోద్యోగులు. వారును అట్టి పుస్తకములే వేసినారు. జేమ్స్ హంటర్ అను ఫిరంగిదళపు లెఫ్టెనెంటు 1792లోనే చనిపోగా, ఆయన గీసినవి నలుబది చిత్రములు తరువాత లండనులో అచ్చయినవి. సిపాయిలకు బొమ్మల పిచ్చి ఏమిటని మేము మొదట అనుకొన్నాము. సంగతి వేరు. ఇంగ్లండులో ఫిరంగి, ఇంజనీరు అధికారులను తయారుచేయు బడిలో చిత్రలేఖనము ఒక పాఠము. దానికి పేరుమోసిన చిత్రకారుడే ఉపాధ్యాయుడు. కొండ ఎంత ఎత్తు, గోడ ఎచట బలహీనము, దారి ఏ ప్రక్కనుండి – ఇవి కెమెరాలు లేని కాలములో చేతితో గీసినగాని పైవానికి తెలియవు. మేము స్టేషను యార్డు పటము గీసినట్లే వారు కోట పటము గీసినారు. తీరిక దొరికినప్పుడు అదే చేతితో చెట్టును, మబ్బును గీసినారు. లండనులో టిప్పు పేరు అప్పుడు ఇంటింట మారుమ్రోగుచుండెను గనుక ఆ పుస్తకములకు గిరాకీ కూడ ఉండినది.

డేనియళ్ళు మాత్రము కోటను పట్టుటకు చూచినవారు కారు. వారి కంటికి కొండయే కథానాయకుడు. ఆరు భాగములుగా, 1795 మొదలు 1808 వరకు పదమూడేండ్లు శ్రమించి, లండనులో వారు వెలువరించిన గొప్ప గ్రంథము పేరు ఓరియంటల్ సీనరీ, అనగా తూర్పు దేశపు దృశ్యములు. మొత్తము 144 చిత్రములు. అందులో ఢిల్లీ, ఆగ్రా, కాశీ, మధుర, తంజావూరులతో సరిసమానముగా మన రాయకోట కలదు, వీరభద్రదుర్గము కలదు, జగదేవి కలదు, హోసూరు కలదు. జిల్లా దాటితే పేరు తెలియని మన కొండలు, తాజమహలుండు ఆగ్రాతో ఒక పంక్తిని కూర్చొన్నవి. ఈ మాట సంఘములో చెప్పినప్పుడు మొదట కోపగించిన పెద్దాయన కూడ, "ఊ" అన్నారు.

అచ్చు వేసిన పద్ధతి చెప్పకుండ ఉండలేము. మాకు యంత్రములన్న, పనితనమన్న ప్రీతి. బయట గీయునప్పుడు వారు వాడినది ఒక చీకటిపెట్టె. దానికి ఒక ప్రక్క అద్దపు కన్ను. ఎదుటనున్న కొండ నీడ ఆ కంటిగుండా వచ్చి లోపలి కాగితముమీద పడును. దానివెంబడి పెన్సిలు నడపినచో కొండ రేఖ తప్పిపోదు. అట్లు వ్రాసుకొన్న చిత్తును ఇంటికి పోయి నునుపైన రాగిరేకుమీదికి దించెదరు. రేకుమీద గుగ్గిలము వంటి జిగురు పొడిని పలుచగా రాలనిచ్చి, క్రింద వేడి పెట్టినచో ఆ రేణువులు రేకునకు అంటుకొనును. పైన ద్రావకము పోసినచో రేణువులకు నడుమనున్న సందులలో మాత్రమే రాగిని కొరుకును. తెల్లగా ఉండవలసిన ఆకాశమునకు ముందే వార్నీషు పూసి కాపాడుదురు. కొంచెము కొరికిన తరువాత లేత నీడలకు వార్నీషు పూసి, మరల ద్రావకము; మరికొంత కొరికిన తరువాత నడిమి నీడలకు పూసి, మరల ద్రావకము. చిట్టచివర మిగిలినది బండరాయి పగులులోని చీకటి. ఎంతసేపు కొరికిన అంత నలుపు. ఒక్క నిమిషము ఎక్కువైనచో కొన్ని వారముల శ్రమ బూడిదపాలు. తరువాత సిరా పట్టించి, తడి కాగితముమీద ఒత్తి, ఆరిన పిమ్మట ఒక్కొక్క ప్రతికి చేతితో నీటి రంగులు వేయవలెను. ఇది 144 చిత్రములకు, ఒక్కొక్కదానికి ఎన్నో ప్రతులకు. ఇక చూడుడు. ఈ విద్యను అన్నన్ని రకముల నీడలతో వారు మొదట పట్టినది కలకత్తాలోనే. అక్కడ సాయపడిన మనదేశపు పనివారు కూడ కలరు. వారి పేర్లు లేవు.

ఈ "పేర్లు లేవు" అను మాటకు తరువాత వత్తుము.

ఈ ఫాల్గుణములో ఒక ఆదివారము సెలవు దొరికినది. మేము, మా ఇంటివారు, పిల్లలు, సంఘములోని మరి రెండు కుటుంబములు కలసి చెట్టికరైనుండి ధర్మపురి స్టేషనుకు పోయి రైలెక్కి, పాలక్కోడు, మారండహళ్ళి మీదుగా రాయకోటలో దిగినాము. బీరువా వెనుకనున్న పటమును కార్యదర్శిగారి అనుమతితో బట్టలో చుట్టి వెంట తీసుకొన్నాము. డేనియలు కూర్చొన్న చోటు కనిపెట్టవలెనని మా పట్టుదల. పొద్దున తొమ్మిదినుండి పదకొండు వరకు కొండ చుట్టు పొలము గట్లమీద పటము పట్టుకొని తిరిగినాము. మామిడి తోటకు కాపలాయున్న ముసలామె ఒకతె మమ్ము చూచి, భూమి కొలవవచ్చిన సర్కారువారని భయపడి, పిదప సంగతి తెలిసి, నవ్వి, పిల్లలకు తాగుటకు నీరు ఇచ్చినది. ఆమె మాటలాడినది మన తెలుగే. అయితే మన పిల్లలకంటె చక్కని తెలుగు.

చివరకు ఒక చోట కొండ రేఖ పటముతో సరిపోయినదని మాకు తోచినది. భుజము, శిఖరము, కోటగోడ విరిగిన వంపు, అన్నియు కుదిరినవి. అయితే పటములో ముందున్న నేల, చెట్టుచేమలు ఎచ్చటను కుదరలేదు. రెండు వందల ఏండ్లు దాటినవి గదా, చెట్లు పోయియుండవచ్చును. కాని అది ఒక్కటే కారణము కాదు. ఆ కాలపు ఇంగ్లీషువారికి చిత్రమన్న ఒక కట్టడి ఉండెడిది. ముందు ఒక ప్రక్క చీకటిగా చెట్టో బండో, నడుమ వెలుగు, దూరమున మసకగా కొండ, అందందు చీమలవలె మనుషులు. తమ దేశములో నేర్చిన ఆ చట్రములోనికి మన కొండను ఎత్తి కూర్చుండబెట్టినారు. కొండ రేఖ నిజము, ముంగిలి అలంకారము. కట్టడముల విషయములో డేనియళ్ళు చాల నమ్మకస్తులని తెలిసినవారందురు; అది కూడ నిజమే కావచ్చును. మేము చూచినది మేము చెప్పుచున్నాము.

అప్పుడు మా పెద్దవాడు అడిగిన ప్రశ్న ఇది. "నాయనా, ఇందులో మనవాళ్ళు ఎక్కడున్నారు?"

పటములోనికి వంగి చూచినాము. వాడు అడిగినది న్యాయము. సంధి జరిగి ఎంతో కాలము కాలేదు. సేనలు రెండేండ్లుగా ఈ దారులనే వచ్చినవి, పోయినవి. ఎడ్లు పోయినవారు, పంట పోయినవారు, ఊరు విడిచి కొండలపాలైనవారు ఎందరో ఉందురు. దొరగారి పటములో ఆ గాయము లేదు. చల్లని వెలుగు, నిశ్శబ్దము. లండనులో గోడకు తగిలించుకొనువానికి కావలసినది అదే. తరువాతి కాలములో ఓరియంటల్ సీనరీ చిత్రములను చూచి ఇంగ్లండులో కుమ్మరులు నీలి రంగు పింగాణి పళ్ళెములమీద అచ్చొత్తినారు. మన దేశపు గోపురములమీద, మండపములమీద మాంసము, బంగాళాదుంపలు వడ్డించుకొని తిన్నారన్నమాట. థామస్ డేనియలు సలహాతో అక్కడ సెజిన్‌కోట్ అనుచోట ఒక జమీందారు తోటలో మన గుళ్ళ వంటి కట్టడములు కూడ లేచినవి.

మనవాళ్ళు పటములో లేకపోలేదని వానికి చెప్పినాము. ఆ దొరలు నడచి రాలేదు, పల్లకీలలో వచ్చినారు. ఏప్రిల్ ఎండలో ఆ పల్లకీ మోసినవారు, డేరా మోసినవారు, చీకటిపెట్టె ఎత్తుకొన్నవారు, దారి చూపినవారు, "ఈ కొండ పేరేమి?" అన్నప్పుడు నోరు విప్పి చెప్పినవారు, అందరు మనవారే. చెన్నపట్నములో బోయీలంటే ఆనాడు చాలవరకు తెలుగువారే. పటము క్రింద వారి పేరు లేదు. కాని వారి నోటి మాట ఉన్నది. అదెట్లో చెప్పుదుము.

పటముల క్రింది పేర్లు చూడుడు. "వెరపాడ్రూగ్" అని యున్నది. పలికి చూచిన మొదట నవ్వు వచ్చును. అది వీరభద్రదుర్గము. లేపాక్షిలో ఏ స్వామికి రాయలనాటివారు గుడి కట్టినారో ఆ స్వామి పేరే. "ఊసూర్" అనగా హోసూరు. ఇంకొక పటము క్రింద "జాగ్ డియో అండ్ వారంగూర్, హిల్ ఫోర్ట్స్ ఇన్ ది బర్రామాల్" అని యున్నది. వారంగూర్ అని చూచి మేము మొదట ఓరుగల్లు అనుకొని పొంగిపోయి, ఇద్దరు ముగ్గురికి చెప్పినాము కూడ! తరువాత తెలిసినది – పన్నెండు కోటల జాబితాలో జగదేవి ప్రక్కనే వచ్చు వారణగఢమది. చెప్పినవారందరి వద్దకు మరల పోయి తప్పు ఒప్పుకొనవలసి వచ్చినది.

కాని జగదేవి సంగతిలో మేము పొంగినది తప్పు కాదు. బర్గూరుకు దాపున ఇప్పటికి ఊరు, కొండ ఆ పేరుతోనే ఉన్నవి. ఆ పేరు జగదేవరాయలది. విజయనగరము తళ్ళికోట యుద్ధములో 1565లో కూలిన పిదప రాజధాని పెనుగొండకు మారినది. బీజాపూరు సేన పెనుగొండను ముట్టడించినప్పుడు దానిని నిలువరించిన వీరుడు ఈ జగదేవరాయలు. తెలుగువాడు. అందుకు బహుమానముగా రాయలు ఆయనకు బారామహల్ సీమను ఇచ్చినాడు. తరువాత చెన్నపట్టణము అను కన్నడ దేశపు ఊరు రాజధానిగా ఆయన వంశమువారు ఏలినారు. 1630లో మైసూరు ఒడయర్లు దానిని గెలుచుకొన్నారు. మనలో కొందరు తాత ముత్తాతల నాడు ఆ రాయల సేనల వెంట వచ్చినవారు. కొందరము, మా తాతగారివలె, మొన్న మొన్న చిత్తూరు వైపునుండి బ్రతుకుతెరువుకు వచ్చినవారము. మొదటివారి పేరు లండను పటముమీద అచ్చయినది; ఇంగ్లీషు నాలుక దానిని విరిచినది; అయినను "జాగ్ డియో"లో జగదేవుడు ఉన్నాడు. ఎవరో ఒక బోయీయో, ఊరి కావలివాడో ఆ పేరును పలికినందువలన ఉన్నాడు.

పేర్లలో మరొక విశేషము. రాయకోటకు "బర్రామాల్" అని, హోసూరుకు "మైసూర్" అని వ్రాసినారు. రెండింటికి నడుమ మన రైలులో గంట ప్రయాణము లేదు. 1792 సంధిలో బారామహల్ కంపెనీకి పోయినది గాని, పైనున్న హోసూరు సీమ టిప్పుకే మిగిలినది. 1799లో టిప్పు మరణించిన తరువాతగాని అది కంపెనీ చేతికి రాలేదు. రాయకోట అప్పుడు సరిహద్దు ఠాణా. పటము క్రింది ఒక్క మాటలో ఆనాటి రాజ్యపు ఎల్ల దాగియున్నది. ఎల్లలు తరువాత ఎన్నో మారినవి. 1965లో సేలమునుండి ధర్మపురి జిల్లా విడివడినది, 2004లో ధర్మపురినుండి కృష్ణగిరి విడివడినది. కొండలు కదలలేదు.

కంపెనీ పంపిన కలెక్టరు రీడ్ దొర క్రింద, సీడెడ్ జిల్లాలలో మనవారు నేటికిని తలచుకొను మన్రో దొర ఏడేండ్లు ఈ సీమలో పనిచేసినాడు. ధర్మపురిలో ఇల్లు, తోట ఉండెడివి. అది వేరే కథ.

మనవారి పేర్లు నిలిచిన చోటు కూడ ఒకటి ఉన్నది. అది చెప్పకున్న అన్యాయము. ఆ యుద్ధములోనే ఇంజనీరుగానున్న కాలిన్ మెకంజీ తరువాత మైసూరు సీమను కొలిచినాడు. ఆయనకు కుడిభుజము ఏలూరువాడైన కావలి వెంకట బొర్రయ్య. శాసనములు చదివి, ఊరూర కరణముల వద్ద కైఫీయతులు సేకరించి, ఇరువది ఏడేండ్లకే 1803లో చనిపోయినాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని సాగించినాడు. 1816లో థామస్ హిక్కీ అను చిత్రకారుడు మెకంజీ నిలువెత్తు చిత్రమును వేసినప్పుడు, ఆయన ప్రక్కన ముగ్గురు భారతీయులను కూడ నిలిపినాడు. అందులో ఒకరు లక్ష్మయ్య అని చెప్పుదురు. దొర కుంచెలో చీమగా గాక మనిషిగా, ముఖముతో నిలిచిన తెలుగువాడు! బొమ్మలోనికి ముఖము వచ్చుటకు ముందు పనిలోనికి చదువు వచ్చినది.

కుంచె తరువాత కెమెరా వచ్చినది. లినేయస్ ట్రైప్ అను సైనికోద్యోగిని 1856లో మద్రాసు ప్రభుత్వము తన ఛాయాచిత్రకారునిగా నియమించినది. ఆయన మధుర, తంజావూరు, శ్రీరంగముతో పాటు మన రాయకోటకు కూడ వచ్చినాడు. 1858లో వెలువడిన ఆయన ఛాయాచిత్రముల సంపుటములలో ఒకదాని పేరే "రాయకోట, సేలం జిల్లాలోని ఇతర స్థలములు". డేనియలు పటమునకు అరువది ఆరేండ్ల తరువాత అదే కొండ! ఆయన వాడినది మైనము పట్టించిన కాగితపు నెగటివు. వెలుగు పట్టుటకు చాలసేపు కావలెను, కదిలినది నిలువదు. కనుక ఇక్కడ కూడ మనుషులు లేరు, ఈసారి తప్పు యంత్రముది. మన అమరావతి శిల్పములు, గుంటూరు జిల్లానుండి ఎలియట్ దొర తవ్వించి చెన్నపట్నము చేర్పించినవి, వాటిని కూడ ఇదే ట్రైప్ ఫోటో తీసినాడు. ఒకే కెమెరా ముందు రాయకోట, అమరావతి నిలిచినవి. కొన్నాళ్ళకే ఖర్చు ఎక్కువైనదని ప్రభుత్వము ఆ శాఖను మూసివేసినది. ఈ మాట చదివినప్పుడు, ఉద్యోగము చేయువారము గనుక, ఆ మనిషిని తలచుకొని నిట్టూర్చినాము.

రాయకోటలో సాయంత్రము రైలుకు కూర్చొనియుండగా పిల్లలకు మరొక సంగతి చెప్పినాము. అది మా వృత్తికి సంబంధించినది గనుక క్షమించవలెను. 1906లో మొరప్పూరునుండి ధర్మపురికి చిన్న పట్టాల బండి వచ్చినది. 1913లో అది హోసూరు దాకా సాగినది. ఈ కొండ ప్రక్కనే పొగ వదలుచు ఎక్కెడిది. 1941లో యుద్ధ సమయమున ఆ పట్టాలను ఊడదీసి తీసుకొనిపోయినారు. ఆ బండిని ఎవరైన గీసినారా అని వెదకినాము. మాకు దొరకలేదు. మా తాతగారు అట్టి బండిని ఎక్కిన కథ మాత్రము మాకు తెలియును, అది మా పిల్లలకును ఇప్పుడు తెలిసినది.

తిరిగి వచ్చిన తరువాత కార్యవర్గ సమావేశములో పటము సంగతి మరల ఎత్తినాము. మొదట కాదన్న పెద్దాయనే అన్నారు, "ఇంగ్లీషు పేరు తీసివేయవద్దు. అది కూడ చరిత్రే. కాని దానిపైన పెద్ద అక్షరాలతో మన పేరు వ్రాయించు." మేము చేతివ్రాత బాగుండునని పేరుపడ్డవారము గనుక ఆ పని మాకే వచ్చినది. "రాయకోట, బారామహల్ సీమ" అని నల్ల రంగుతో వ్రాసినాము. ఈ ఉగాదినుండి అది గదిలో ఉండును. క్యాలెండరు ప్రక్క గోడకు జరిగినది.

ఒక ప్రార్థన. పన్నెండు కోటలలో కొన్నింటికి మన ఇండ్లలో పిలిచెడి పేర్లు గెజెటీర్లలో లేవు. కావలిగఢము, మహారాజగఢము, భుజంగగఢము, గగనగఢము – వీటి ప్రక్కన ఊర్లున్నవారు, అక్కడ సంబంధములు చేసికొన్నవారు మన సంఘములో కలరు. మీ అమ్మమ్మలు, తాతలు ఆ కొండలను ఏమని పిలిచెడివారో, వాటిమీద ఏ గుంట, ఏ గుడి, ఏ కథ ఉన్నదో ఒక కార్డుముక్కమీదనైనను వ్రాసి కార్యదర్శిగారికి అందజేయగోరుచున్నాము. వ్రాయరానివారు చెప్పినచో మేమే వచ్చి వ్రాసికొందుము. ఆదివారములు మాకు సాధారణముగా సెలవే.